ఆన్‌లైన్ ‘చేశాను’ అనేవారు కనిపించరు, ‘చేయించాను’ అనేవారే ఎందుకు కనిపిస్తారు?

గచ్చిబౌలి_ప్రోగ్రామర్

ప్రభుత్వ సేవలకు సంబంధించిన యాప్‌లు, వెబ్‌సైట్లు తయారుచేసే ఒక సంస్థలో నేను తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పోయిన శనివారం బోరబండలో ఉండే మా మేనత్త మనవరాలి స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం వారికి తోడుగా పక్క వీధిలోని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. సర్వర్ నెమ్మదిగా ఉండటంతో మూడు గంటలు అక్కడే కూర్చోవలసి వచ్చింది. ఆ మూడు గంటల్లో పదిహేడు మంది వచ్చారు. వారిలో ఎక్కువ మంది చేతుల్లో నా ఫోన్‌కు ఏమాత్రం తీసిపోని ఫోన్లు ఉన్నాయి. అయినా ఒక్కరు కూడా తమ దరఖాస్తును తామే నింపుకోలేదు. గుమ్మంలో అడుగుపెడుతూనే అందరూ అన్నది ఒకటే మాట: "ఆన్‌లైన్ చేయించాలె అక్కా."

కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఆమె మోచేతి పక్కన ఒక పొడవాటి నోటు పుస్తకం ఉంది. స్కేలుతో గీతలు గీసి, పేరు, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్, తేదీ అని వరుసలు చేసి, పేజీలకు పేజీలు రాసిపెట్టుకుంది. కిందటేటి దరఖాస్తు సంఖ్య పోగొట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన పేరు అడిగి, వేలితో వరుస వెంట జరుపుకుంటూ వెళ్లి, రెండు నిమిషాల్లో ఆయన వివరాలు తీసి చేతికిచ్చింది.

మా సంస్థ లెక్కల్లో ఖాతా ఉన్న ప్రతివారూ స్వయంగా సేవను వాడుకుంటున్న పౌరులే. అక్కడ నేను చూసిన పదిహేడు ఖాతాలనూ వాడింది ఆ ఒక్క అమ్మాయి. మేము తొమ్మిదేళ్లుగా తయారుచేస్తున్నది ఎవరి కోసమో మాకే తెలియదా అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. దీన్ని మా పని విఫలమైందనడానికి గుర్తుగా తీసుకోవాలా, లేక జనం సాంకేతికతను తమకు వీలైన పద్ధతిలో మలచుకున్నారని అనుకోవాలా?

చిలకలగూడ_వాసి

మధ్యలో ఒక మనిషి ఉండటం ఫోన్లతో వచ్చిన కొత్త సంగతి కాదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల ముందు చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుని, రిజిస్ట్రేషన్ పత్రాలు రాసిపెట్టే దస్తావేజు లేఖరులను నేను నా ఉద్యోగ జీవితమంతా చూశాను. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించినప్పుడు ఇక లేఖరుల అవసరం తీరిపోతుందని చాలామంది అనుకున్నారు. పనులు వేగంగా జరగడం మొదలైన మాట నిజమే. కానీ దాన్ని పరిశీలించిన జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు 2004లో రాసినదాని ప్రకారం జనం లేఖరుల మీద ఆధారపడటమూ పోలేదు, లంచాలూ పోలేదు. కంప్యూటర్ వచ్చింది కౌంటర్‌కు లోపలి వైపున. ఏ ఆస్తికి ఎంత స్టాంపు డ్యూటీ పడుతుంది, పత్రంలో ఏ మాట ఎలా రాయాలి అన్న తెలివిడి మాత్రం బయట చెట్టు కిందే ఉండిపోయింది.

దీని పక్కన జంటనగరాల అనుభవం పెట్టి చూడండి. కరెంటు బిల్లు ఒకచోట, నీటి బిల్లు మరోచోట, టెలిఫోన్ బిల్లు ఇంకోచోట కట్టడానికి మేము సెలవు పెట్టుకునేవాళ్లం. 1999లో ‘ట్విన్స్’ పేరుతో మొదలై 2001లో ‘ఈసేవ’గా మారిన కేంద్రాల్లో ఏ కౌంటర్ దగ్గరైనా ఏ బిల్లయినా కట్టే వీలు వచ్చింది. అక్కడ కూడా మీట నొక్కింది ఉద్యోగే, పౌరుడు కాదు. అయినా ఆ మార్పు తమది కాదని హైదరాబాదులో ఎవరూ అనుకోలేదు. 2011లో మీసేవ వచ్చాక కులం, ఆదాయం సర్టిఫికెట్లు కూడా అదే దారిలో నడిచాయి. కాబట్టి ఎవరు మీట నొక్కారన్నది సరైన కొలమానం కాదని నా అభిప్రాయం.

రహ్మత్‌నగర్_నెట్‌సెంటర్

మీరు చెప్పిన ఆ అమ్మాయి కుర్చీలో నేను పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను, కనుక వివరంగా రాస్తాను.

మా దగ్గరకు వచ్చేవారు టైపు చేయడం రాక వస్తున్నారని బయటివారు అనుకుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేసే డిగ్రీ పిల్లలు కూడా ఫారం నింపడానికి మా దగ్గరకే వస్తారు. వారికి రానిది టైపింగ్ కాదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది. ఈ మూడింటిలో ఏది రాస్తే దరఖాస్తు తిరస్కరణకు గురికాదో వారికి తెలియదు, ఏ వెబ్‌సైటూ చెప్పదు. ఫోటో 50 కేబీ దాటకూడదంటారు, పత్రం 200 కేబీ లోపు ఉండాలంటారు, ఫోన్‌లో తీసిన ఫోటో 4 ఎంబీ ఉంటుంది. అన్నింటికంటే మించి, ఒకసారి ‘సబ్మిట్’ నొక్కాక తప్పు బయటపడితే ఎవరి దగ్గరకు వెళ్లాలన్న భయం ఉంటుంది. నా దగ్గర చేయించుకుంటే తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉంటాడు.

ఓటీపీ సంగతి కూడా చెప్పాలి. కిందటి నెలలో తాపీ పని చేసే ఒక అక్క ఆదాయం సర్టిఫికెట్ కోసం వచ్చింది. ఆధార్‌కు లింకైన నంబరు భర్తది, ఆయన పటాన్‌చెరు వైపు ఒక కట్టడంలో ఏడో అంతస్తులో పనిలో ఉన్నాడు. ఫోన్ కింద సంచిలో ఉంది. మొదటిసారి ఓటీపీ పంపితే ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు గానీ మెసేజ్ తెరిచేలోగా గడువు తీరింది. మూడోసారి ఆయన అంకెలు చదువుతుండగా ‘ఎనిమిది’ నాకు ‘ఎనభై’లా వినిపించి తప్పు కొట్టాను. ఖాతా ఆ రోజుకు మూసుకుపోయింది. ఆమె మరునాడు కూడా కూలి మానుకుని వచ్చింది. ఫోన్ ఒక మనిషికి ఒకటి ఉంటుందని, అది ఆ మనిషి చేతిలోనే ఉంటుందని అనుకున్న చోటే మీ లెక్క తప్పింది.

గచ్చిబౌలి_ప్రోగ్రామర్

ఓటీపీ గడువు ఎంత ఉండాలో నిర్ణయించిన సమావేశంలో నేనూ ఉన్నాను. భద్రత గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ వేరేవారి దగ్గర ఉండవచ్చన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

అల్వాల్_సందేహి

అందరూ మధ్యలో ఉన్న మనిషిని మెచ్చుకుంటున్నారు గనుక రెండో వైపు కూడా చెప్పడం అవసరం. మా ఇంటి పనికి వచ్చే ఆవిడ దగ్గర ఒక సర్టిఫికెట్‌కు అసలు రుసుము మీద నాలుగింతలు తీసుకున్నారు. రసీదు అడిగితే ఇవ్వలేదు. ఆమె ఫోన్ నంబరు బదులు తమ నంబరు పెట్టుకోవడం వల్ల, మంజూరైన సంగతి కూడా ఆమెకు నెల తర్వాత తెలిసింది. ఇక ఆ నోటు పుస్తకం విషయానికి వస్తే, అది చూసి మీకు ముచ్చట కలిగింది, నాకు గుండె దడ పుట్టింది. ఒక వీధి మొత్తం పాస్‌వర్డ్‌లు తాళం లేని ఒక పుస్తకంలో ఉన్నాయి.

ఇది ఊహించి భయపడటం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. నమ్మకం మీద నడిచే పద్ధతిలో నమ్మకం తప్పినవాడు ఒక్కడు చాలు. ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకునే వీలుందని ఇక్కడ చదువుతున్నవారు మీ ఇంట్లో పెద్దలకు ఈ రోజే చెప్పండి.

రహ్మత్‌నగర్_నెట్‌సెంటర్

అల్వాల్ వారు చెప్పినదాంట్లో నేను కాదనగలిగింది ఏమీ లేదు. నాలుగింతలు తీసుకునేవారు ఉన్నారు. పాస్‌వర్డ్ మేమే పెడతాం, చాలాచోట్ల అందరికీ ఒకే పద్ధతిలో పెడతాం. వేరుగా పెట్టి చీటీ మీద రాసిస్తే ఆ చీటీ చొక్కాతో పాటు ఉతుకులోకి పోతుంది, ఆరు నెలల తర్వాత మళ్లీ మా దగ్గరకే వస్తారు. మాకు మా పేరుతో లాగిన్ ఉండి, ఎవరి తరఫున ఏం చేశామో అందులో నమోదయ్యే ఏర్పాటు ఉంటే, ఈ పుస్తకం రాసుకోవలసిన అగత్యమే ఉండదు. చాలా సైట్ల దృష్టిలో మేము లేము. అందుకని రోజంతా వచ్చినవారి పేరుతో లోపలికి వెళ్లి పనిచేస్తున్నాం.

ఓయూ_అర్థశాస్త్రం

పై మాటకు గట్టి ఆధారం మన దగ్గరే ఉంది. 2010 నుంచి రెండేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపుకు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో పెద్ద అధ్యయనం చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది, లబ్ధిదారుల్లో అత్యధికులు పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు. అక్కడా చెల్లించేది ఒక మనిషే. ఊళ్లోనే ఉండే, వీలైనంతవరకు స్వయం సహాయక సంఘానికి చెందిన ఒక మహిళ చేతిలో యంత్రం పెట్టారు. ఆమె ఎవరో బ్యాంకుకు తెలుసు, ఊరికీ తెలుసు, యంత్రం నుంచి రసీదు వచ్చేది. అల్వాల్ వారి ఇంటి పనావిడకు జరిగిన అన్యాయానికి కారణం మధ్యలో మనిషి ఉండటం కాదు. ఆ మనిషి ఎవరో ఎక్కడా నమోదు కాకపోవడం.

నారాయణగూడ_పాఠకుడు

శీర్షికలోని మాట గురించి ఒక్క విషయం చెబుతాను. తెలుగులో ‘చేయించు’ అనే ప్రేరణార్థక క్రియ పని చేసినవారిని చూపిస్తుంది గానీ చేయించినవారి హక్కును తగ్గించదు. చొక్కా కుట్టించుకున్నవాడు చొక్కా దర్జీది అనడు. ‘ఇల్లు కట్టించాను’ అనే మనిషి ఆ ఇల్లు తాపీ మేస్త్రిది అనడు. ‘ఆన్‌లైన్ చేయించాను’ అనేవారు తమ చేతకానితనాన్ని ఒప్పుకుంటున్నట్టు మనకు వినిపిస్తోంది. వారు మాత్రం దర్జీ దగ్గరకు, మేస్త్రి దగ్గరకు వెళ్లినంత సహజంగానే అక్కడికి వెళ్తున్నారు.

అల్వాల్_సందేహి

పోలిక బాగుంది, కానీ దర్జీ దగ్గర కొలతలు మాత్రమే ఉంటాయి, బీరువా తాళం ఉండదు.

తార్నాక_టీచర్

నారాయణగూడ, అల్వాల్ వారిద్దరి మధ్యలో ఒక బడి అనుభవం పెడతాను. 2000 తర్వాత మా పాఠశాలకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఒక్కో యంత్రం ముందు ఐదారుగురు పిల్లలు కూర్చునేవారు. మౌస్ ఎప్పుడూ ఒక్కడి చేతిలోనే, సాధారణంగా పెద్ద పిల్లవాడి చేతిలో, ఉండేది. ఆడపిల్లలు వెనక నిలబడి మెడలు చాచి చూసేవారు. ఇదే దృశ్యాన్ని మన దేశపు బడుల్లో చూసిన కెంటారో తొయామా అనే పరిశోధకుడి బృందం బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో ఒకే కంప్యూటర్‌కు అనేక మౌస్‌లు తగిలించి, తెర మీద ఒక్కొక్కరికి ఒక్కో రంగు బాణం వచ్చేలా చేసింది. పిల్లలు పంచుకోవడం తప్పని అనుకోకుండా, పంచుకోవడానికి తగ్గట్టుగా యంత్రాన్ని మార్చారు. పరిష్కారం అంత తేలికగా ఉండగలదని చదివిన రోజున నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు కూడా ఇలాగే జరిగింది. ఇంటికొక ఫోన్ ఉంటే అది తండ్రితో పాటు పనికి పోయేది. అందుకే రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా టీవీలో పాఠాలు ఇచ్చారు. టీవీ ఇంట్లోనే ఉంటుంది, అందరిదీ. నా తరగతిలో టీవీ కూడా లేని నలుగురు పిల్లలను పక్కింటి వాకిట్లో కూర్చోబెట్టే ఏర్పాటు నేనూ వారి తల్లులూ కలిసి చేశాం. అయినా ఎదుట మనిషి లేని పాఠం చిన్న పిల్లలకు అందలేదు. ఆ సంవత్సరం నష్టపోయిన చదువును తర్వాత తరగతి గదిలో ఒక్కొక్కరి పక్కన కూర్చుని పూడ్చవలసి వచ్చింది.

నైరోబీలో_నాలుగేళ్లు

ఉద్యోగరీత్యా కెన్యాలో ఉన్నప్పుడు ఇలాంటి పుస్తకాన్నే నేను రోజూ చూశాను. అక్కడ ఫోన్‌తో డబ్బు పంపే సేవ ఎం-పెసా. దాని దుకాణాల్లో ఏజెంటు ఒక పెద్ద రిజిస్టరు ముందుకు జరిపి, పేరు, గుర్తింపు కార్డు సంఖ్య, మొత్తం రాసి సంతకం పెట్టించుకునేవాడు. పని జరిగేది ఫోన్‌లోనే, అయినా కాగితం పక్కనే ఉండేది.

ఎం-పెసాను సఫారీకామ్ అనే మొబైల్ సంస్థ 2007 మార్చిలో ప్రారంభించింది. దాని ప్రయోగ దశలో ఉద్దేశం వేరు. చిన్న రుణాలు తీసుకున్నవారు వాయిదాలను ఫోన్ ద్వారా కట్టడానికి తయారుచేశారు. జనం మాత్రం దాన్ని ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడటం మొదలుపెట్టారు. దూరప్రయాణానికి బయలుదేరే ముందు నగదును ఖాతాలో వేసి, దిగిన ఊళ్లో తిరిగి తీసుకునేవారు కూడా కనిపించారు. నిర్వాహకులు తమ ఆలోచనను పట్టుకుని వేలాడకుండా రుణాల సంగతి పక్కన పెట్టి, ‘ఇంటికి డబ్బు పంపండి’ అన్న ప్రచారంతో దాన్ని ప్రజల ముందు పెట్టారు. ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్‌లో, సిమ్‌లోని మెనూతో అది నడిచింది. దాన్ని నిలబెట్టింది వీధి వీధికీ ఉన్న ఏజెంట్లు. వారికి ప్రతి లావాదేవీ మీద కమిషన్ ఉంటుంది, దుకాణం గోడ మీద ఏజెంటు సంఖ్య రాసి ఉంటుంది. అల్వాల్ వారు అడుగుతున్న జవాబుదారీతనం అక్కడ అలా వచ్చింది. దొంగతనాలు అక్కడా జరుగుతాయి, కానీ ఎవరి దుకాణంలో జరిగిందో తెలుస్తుంది.

మాసబ్‌ట్యాంక్_మీర్

మన యూపీఐ దీనికి సరిగ్గా ఎదురు దారిలో వచ్చింది కదా. 2016లో మొదలై, 2023 ఆగస్టులో ఒక్క నెలలో 1000 కోట్ల లావాదేవీలు దాటింది. అక్కడ ఏజెంటు లేడు, ఎవరికివారే స్కాన్ చేస్తున్నారు. మధ్య మనిషి లేకుండా జనం నేర్చుకోగలరనడానికి అదే రుజువు.

రైతుబజార్_కూతురు

మీర్ గారూ, మా అమ్మ ఎర్రగడ్డ రైతుబజార్‌లో ఆకుకూరలు అమ్ముతుంది, కాబట్టి ఆ స్కానర్‌కు అవతలి వైపు నుంచి చెబుతాను.

తోటకూర, పాలకూర కట్టల మధ్య ఒక ఇటుకకు ఆనించి క్యూఆర్ అట్ట నిలబెట్టి ఉంటుంది. నీళ్లు చల్లినప్పుడు తడవకుండా దానికి పాల ప్యాకెట్ కవర్ తొడిగింది. ఆ అట్ట మీద ఉన్న పేరు మా అన్నది. ఖాతా అన్నది, ఫోన్ అన్నది. అమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉంది. మొదట్లో కొందరు డబ్బు పంపినట్టు పాత స్క్రీన్ చూపించి వెళ్లిపోయేవారు, అమ్మకు చదవడం రాదు కనుక నమ్మేది. తర్వాత సౌండ్ బాక్సు వచ్చింది. "ఇరవై రూపాయలు అందాయి" అని అది తెలుగులో పలికిన మొదటి రోజు అమ్మ ముఖం నాకింకా గుర్తుంది. ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి అమ్మ ఎవరి ముఖమూ చూడనక్కర లేకుండా పోయింది. కంపెనీలవారు మోసాన్ని అరికట్టడానికి పెట్టిన పెట్టె, చదువురాని వ్యాపారికి చెవితో చదివే లెక్కల పుస్తకం అయింది.

కానీ సాయంత్రానికి పరిస్థితి మారుతుంది. పొద్దున్నే నాలుగు గంటలకు మార్కెట్‌కు వెళ్లి సరుకు కొనడానికి అమ్మకు నగదు కావాలి. అంతకుముందు నగదు ఆమె కొంగు ముడిలో ఉండేది, ఇప్పుడు కొడుకు ఖాతాలో ఉంది. తన సొంత సంపాదన తను అడిగి తీసుకోవాలి. అన్న మంచివాడు, ఏనాడూ కాదనలేదు. అయినా అడగవలసి రావడం, ఆయన బయట ఉంటే ఎదురుచూడటం ఆమెకు బాధగానే ఉంటుంది. అందరూ స్వయంగా వాడుతున్నారని మనం చెప్పుకునే లెక్కలో మా అమ్మ ఎక్కడ ఉందో నాకు అర్థం కాదు.

మాసబ్‌ట్యాంక్_మీర్

నేను కొనేవాడి వైపు నుంచి మాత్రమే చూశాను. మీరు చెప్పింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఓయూ_అర్థశాస్త్రం

రైతుబజార్ చెల్లెలికి ఉపయోగపడే రెండు సంగతులు ఉన్నాయి. స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ ‘యూపీఐ 123పే’ ప్రారంభించింది, అది బటన్ల ఫోన్‌తో పనిచేస్తుంది. 2024 ఆగస్టులో ‘యూపీఐ సర్కిల్’ వచ్చింది. ఒకరి ఖాతా నుంచి, వారు పెట్టిన పరిమితి లోపల, నమ్మకమైన మరొకరు చెల్లించే వీలు అందులో ఉంది. ఇళ్లలో పిన్ నంబరు చెప్పుకుని రహస్యంగా చేస్తున్న పనికి అధికారికంగా చోటు కల్పించారన్నమాట. కానీ మీ విషయంలో ముందు చేయవలసింది మీ అమ్మగారి పేరుతో ఉన్న ఖాతాకే ఆ క్యూఆర్‌ను కలపడం. సర్కిల్‌లో ఎవరినైనా చేర్చుకోవలసి వస్తే మీ అన్నగారిని ఆమె చేర్చుకుంటారు.

రైతుబజార్_కూతురు

అమ్మకు జన్‌ధన్ ఖాతా ఉంది. కానీ దానికి లింకైన నంబరు కూడా అన్నదే. ముందు అది మార్పించాలి.

చిక్కడపల్లి_డీటీపీ

ఫోన్లు, ఖాతాల గురించి చెప్పారు గానీ భాష గురించి ఎవరూ చెప్పలేదు. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం ఒకేలా చదవబడేలా చేసే యూనికోడ్‌ అనే ప్రమాణంలో తెలుగు 1991 నుంచి ఉంది, తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అయినా మా వీధిలో శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలోనే తయారవుతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాల వరస కనిపిస్తుంది. కస్టమరు వాట్సాప్‌లో చక్కటి యూనికోడ్ తెలుగు పంపుతాడు, నేను దాన్ని మార్చి మళ్లీ ఒత్తులు సరిచూసుకుంటాను. పాతకాలపు పద్ధతి అని మమ్మల్ని తక్కువగా చూస్తారు. కానీ అచ్చు సాఫ్ట్‌వేర్లలో మా అక్షరం చెదరకుండా నిలబడటానికి మాకు దొరికిన దారి చాలాకాలం అదొక్కటే.

పెద్ద కంపెనీల శ్రద్ధ ఏపాటిదో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక కూర్పుతో మెసేజ్‌లో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, సవరణ విడుదలయ్యేదాకా ప్రపంచమంతా ఆ అక్షరాన్ని వింతగా చెప్పుకుంది. తెలుగువాడి ‘జ్ఞానం’లో మొదటి అక్షరం అది. ఒక్క తెలుగు మనిషి చేత నెలరోజులు వాడించి చూసి ఉంటే విడుదలకు ముందే దొరికేదేమో అని నాకు అనిపిస్తుంది.

రహ్మత్‌నగర్_నెట్‌సెంటర్

చిక్కడపల్లి అన్న చెప్పింది మాకు రోజూ ఎదురయ్యేదే. చాలా ఫారాల్లో తెలుగు ఎంచుకుంటే శీర్షికలు మాత్రమే తెలుగులోకి మారతాయి, తప్పు చూపించే ఎర్ర వాక్యం ఇంగ్లీషులోనే వస్తుంది. మనిషికి భాష అవసరమయ్యేది సరిగ్గా అక్కడే.

కోఠి_సోల్డరింగ్

అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఎనిమిదేళ్లు పనిచేసి, ఇప్పుడు కోఠిలో సొంతంగా బల్ల పెట్టుకున్నాను. పేదల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన యంత్రాలు ఏవీ నా బల్ల మీదకు రాలేదు. బెంగళూరు శాస్త్రవేత్తల చవక చేతి కంప్యూటర్ ‘సింప్యూటర్’ వచ్చిందన్నారు, 2011లో ఆకాశ్ టాబ్లెట్ వచ్చిందన్నారు. నా దగ్గరకు వచ్చేవి మాత్రం అందరూ కొనే మామూలు ఫోన్లే, రెండోసారి, మూడోసారి చేతులు మారినవి. మైక్రోస్కోప్ కింద పెట్టి, వేడిగాలితో చిప్ లేపి, వెంట్రుకంత తీగతో తెగిన దారి కలిపితే, పారేయవలసిన ఫోన్ ఇంకో రెండేళ్లు ఒక కుటుంబానికి పనికొస్తుంది. విడిభాగాలు దొరకడం, బాగుచేసే మనిషి వీధిలో ఉండటం వల్లనే ఆ ఫోన్లు నిలబడ్డాయి.

తార్నాక_టీచర్

కోఠి తమ్ముడు చెప్పింది దక్షిణ అమెరికాలోనూ కనిపించింది. పిల్లవాడికొక ల్యాప్‌టాప్ అన్న పథకం కింద పెరూ దేశం దాదాపు పది లక్షల యంత్రాలు కొంటే, 2012లో వెలువడిన అధ్యయనంలో గణితం, భాష మార్కుల మీద ప్రభావం కనిపించలేదు. మన మానవ వనరుల శాఖ 2006లోనే ఆ పథకాన్ని వద్దనుకుంది. యంత్రాన్ని ఇచ్చినవారు టీచరును మరిచిపోయారు. యంత్రం మనుషుల్లో ఉన్న శక్తినీ సంకల్పాన్నీ పెంచగలదే గానీ లేనిదాన్ని పుట్టించలేదని తొయామా తర్వాతి కాలంలో వాదించారు.

చిలకలగూడ_వాసి

నా పింఛను సంగతి ఒకటి రాస్తాను. ఏటా నవంబరులో బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. 2014లో ఆ ధ్రువపత్రాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే ‘జీవన్ ప్రమాణ్’ వచ్చాక వేలిముద్రతో ఆ పని అవుతుందన్నారు గానీ నా వేళ్ల గీతలు అరిగిపోయాయి, యంత్రం నాలుగుసార్లు కాదంది. 2021 నవంబరులో ముఖం చూపించే పద్ధతి వచ్చింది. మా మనవరాలు ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టుకుని "తాతయ్యా, కళ్లు ఆర్పండి" అంటుంది, ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. నాకు పింఛను ఇప్పించేది ఆ పిల్లే. ఆమెకు నవంబరులో పరీక్షలు ఉంటే నేను కంగారు పడతాను.

గచ్చిబౌలి_ప్రోగ్రామర్

ఈ చర్చ మొత్తాన్ని అచ్చు తీసుకుని సోమవారం మా బృందం ముందు పెట్టాను. మూడు మార్పులకు ఒప్పించగలిగాను. ఓటీపీ గడువు పది నిమిషాలకు పెరుగుతుంది, మూడుసార్లు తప్పినా ఖాతా రోజంతా మూసుకుపోదు. తప్పు చూపించే ప్రతి వాక్యం ముందు తెలుగులో రాశాకే మిగతా పని మొదలవుతుంది. ఇతరుల తరఫున దరఖాస్తు చేసేవారికి వేరే లాగిన్ ఉంటుంది, చేసినవారి పేరు, తీసుకున్న రుసుము దరఖాస్తుదారు ఫోన్‌కు మెసేజ్‌గా వెళ్తాయి. మూడోది ఒప్పించడానికి రెండు గంటలు పట్టింది, ఎందుకంటే అలాంటి మనిషి ఉన్నాడని రాతపూర్వకంగా ఒప్పుకోవడానికి అందరూ వెనకాడారు. రహ్మత్‌నగర్ అన్నా, విడుదలకు ముందు ఒక వారం మీ సెంటర్‌లో కూర్చుని చూడవచ్చా?

అల్వాల్_సందేహి

ఆ మెసేజ్ దరఖాస్తుదారు ఫోన్‌కే వెళ్లేలా చూడండి. సెంటర్‌వారి నంబరే రెండుచోట్లా ఉంటే మీ సైటు ఆ దరఖాస్తును తీసుకోకూడదు.

రహ్మత్‌నగర్_నెట్‌సెంటర్

తప్పకుండా రండి. స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడే వారంలో వస్తే అన్నీ కనిపిస్తాయి, పొద్దున్న పదకొండు నుంచి రెండు దాకా రద్దీ ఎక్కువ. అల్వాల్ వారు అడిగిన షరతు నాకూ సమ్మతమే, కానీ తన ఫోనే లేనివారికి ఏం చేస్తారో అప్పటికి ఆలోచించి రండి. మెసేజ్‌తో పాటు ఒక కాగితం రసీదు కూడా ప్రింట్ అయ్యేలా పెట్టండి, అందులో దరఖాస్తు సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉండాలి. వచ్చేవారిలో సగం మంది ఆ కాగితాన్ని మడిచి ఫోన్ కవర్ వెనక పెట్టుకుంటారు, కాబట్టి నాలుగు మడతలు వేసినా సంఖ్య మీద మడత పడకుండా పై మూలన అచ్చు వేయండి.